కళాయి పోయిన చారు గిన్నె

నేను ధవళేశ్వరం కాపురానికి వచ్చిన కొత్త. లోహాలు కరిగించే కార్ఖానాలో మా వారికి పని ఇస్తామన్నారట గానీ, ముందు రసాయన శాస్త్రం నేర్చుకు రమ్మన్నారట. ఇక చూడండి, ద్రావకం సీసా చేతపట్టుకుని ఇంట్లో కంటబడిన లోహాన్నల్లా పరీక్షించేవారు.

ఒకనాడు మా అత్తగారి అన్నగారు పెద్దాపురం నుంచి భోజనానికి వచ్చారు. నేను కాచిన చారు నోట్లో పెట్టుకోగానే ఆయన మొహం చిట్లించి, "ఏంటమ్మా ఇది, విషంలా ఉంది!" అంటూ ఉమ్మేశారు. అత్తగారు నావైపు గుడ్లురిమి చూశారు. ఇక నన్ను పుట్టింటికి పంపేస్తారనే అనుకున్నాను.

పక్క విస్తరి ముందు కూర్చున్న మా వారు ఆ చారు రుచి చూసి ఎగిరి గంతేసినంత పని చేశారు.

"అమ్మా, చారు కనరెక్కింది, ఇది ఇత్తడి చేదు! పుస్తకంలో చెప్పినట్టే జరిగింది! నిన్న నా ద్రావకం ఈ ఇత్తడి గిన్నె లోపలి కళాయి పూతంతా తినేసింది, ఇవాళ చింతపండు పులుపు ఇత్తడిని పట్టుకుంది!"

"ఓరి, నీ చదువు తగలెయ్య!" అన్నారు అత్తగారు.

ఆ పూట అందరం మజ్జిగతో సరిపెట్టుకున్నాం. తర్వాత మా వారికి ఆ ఉద్యోగమూ వచ్చింది. ఇన్నేళ్లలో అంత సంతోషంగా నేరం ఒప్పుకున్న మనిషిని మాత్రం నేను మళ్లీ చూడలేదు.