బావ చింపేసిన పేర్లు

మా బావకు పేర్లంటే పడదు. ఏ వస్తువు మీద పేరు కనిపించినా చింపి పారేసి, ఆ చోట ఒక నంబరు అంటిస్తేగాని ఆయనకు తిన్నది అరగదు.

ఇది ఉద్యోగం తెచ్చిన జబ్బు. కోడి తల వాల్చకముందే, దాని రక్తం చుక్క చూసి ఒంట్లో వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్షను తయారుచేయడం మా ల్యాబ్ పని. బావ అక్కడ పెద్ద, నేను ఆయన కింద టెక్నీషియన్ని. అక్క మొగుడే ఆఫీసులోనూ అధికారి కావడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు. కోళ్ల ఫారాల నుంచి రక్తం సీసాలు రాగానే బావ వాటి మీది పేర్లు చింపి నంబర్లు వేస్తాడు. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పుస్తకం ఆయన బీరువాలో, తాళంచెవి ఆయన జేబులో. ఎవరిదో తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుందంటాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక ఆదివారం వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేశాడు. పద్నాలుగు పంచదార, నలభై ఒకటి ఉప్పు. అక్క తారుమారు చేసి టీ పెట్టింది. బావ గుక్క తిప్పుకోకుండా తాగి, "తేడా ఉంది" అని కాగితం మీద రాసుకున్నాడు. ఇంకోసారి వాళ్లమ్మ కూర, అక్క కూర నంబర్ల గిన్నెల్లో పెట్టించి, కళ్లకు గుడ్డ కట్టుకుని మార్కులు వేశాడు. ఎవరికెన్నో మాత్రం పుస్తకం తెరిచేదాకా చెప్పనన్నాడు. వారంగా మాటల్లేని అత్తాకోడళ్లు ఆ పూట ఒక్కటై ఆయనకు అన్నం పెట్టలేదు.

ఆస్పత్రిలో తన రక్తం ఇచ్చినప్పుడూ పేరు చెప్పకుండా నంబరే రాయించాడు. రిపోర్టు వచ్చింది. బావకు మూడో నెల. అక్క పడీ పడీ నవ్వుతుంటే, ఆయన అద్దంలో పక్కకు తిరిగి చూసుకుని, మళ్లీ ఒకసారి పరీక్ష చేయించకుండా ఏదీ తేల్చకూడదన్నాడు.

కిందటేడు మా పరీక్ష ప్రయోగాలు దాటి, మొదటిసారి నిజంగా ఊళ్లోని ఫారాలు, పెరటి కోళ్ల మీదకు వెళ్లింది. ఎక్కడి కోళ్ల రక్తంలో వైరస్ తేలితే అక్కడి కోళ్లన్నిటినీ ఆ రోజే చంపేయాలి, లేకపోతే చుట్టుపక్కల కోళ్లన్నీ పోతాయి. కోళ్ల రక్తం ఇచ్చిన ఆరుగురూ మాకు తెలిసినవాళ్లే. పరీక్ష నేనే చూశాను. ఇరవైమూడో నంబరులో వైరస్ ఉంది. మూడుసార్లు చేసినా అంతే. సంతకం పెట్టి, ఎవరిదని అడిగాను. బావ పుస్తకం చంకన పెట్టుకున్నాడు. ఆ కబురు చెప్పడానికి ఒంటరిగా వెళ్లేవాడే, మడమ బెణికి స్కూటరు నడపలేక నన్ను తీసుకెళ్లాడు.

అది రిటైరైన టీచరమ్మ ఇల్లు. పెరట్లో అరవై కోళ్లు. సంగతి విని ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది.

"ఎవరు చూశారు ఆ పరీక్ష?"

నేను బావ వెనక్కి జరిగాను.

"నేనేనండి. నా చేత్తోనే చూశాను," అన్నాడు బావ.

ఆమె ఆయన్ను అరగంట నిలబెట్టి తిట్టింది. బావ చేతులు కట్టుకుని విన్నాడు. ఆమె మంచినీళ్లకు లోపలికి వెళ్లినప్పుడు, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"రేపు మళ్లీ నువ్వే చూడాలి కదరా. చెయ్యి వణికితే ఎలా?"

ఆ పుస్తకం ఎందుకు దాస్తాడో, ఆయన కింద పదకొండేళ్లు పనిచేశాక నాకు అర్థమైంది. బావ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బావమరిదికి ఇంతకంటే ఇబ్బంది ఉండదు.

టీచరమ్మ తిరిగొచ్చి, తీసుకెళ్లే ముందు ఒక్కసారి హాజరు పిలుచుకుంటానంది. అరవైకీ పేర్లున్నాయట. పోలీసు, గుమస్తా, నిద్రమొహం, పెద్దకోడలు అంటూ ఆమె పిలుస్తుంటే, బావ పుస్తకం తెరిచి ఇరవైమూడో నంబరు ఎదురుగా ఒక్కొక్క పేరే రాయసాగాడు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. చివర్లో ఆయన పెన్ను ఆగింది.

"పెద్దకోడలు రెండుసార్లు చెప్పారండి."

"ఇద్దరున్నారు బాబూ. ఎవర్నీ చిన్నకోడల్ని చేయబుద్ధి కాలేదు."

బావ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. తర్వాత మొదటి పెద్దకోడలి పక్కన ఒకటి, రెండో పెద్దకోడలి పక్కన రెండు వేసి, సరిపోయిందా అన్నట్టు పుస్తకం ఆమె ముందు పెట్టాడు. టీచరమ్మ అది చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఫక్కున నవ్వేసింది.