దయ్యాలంటే ఇంగ్లీషు దయ్యాలే!

రోక్కావెర్దె ఊళ్లో ఎర్మేతే గారికి ఒకటే పిచ్చి. దయ్యాల సినిమా తీయడం ఇంగ్లీషువాడికి తప్ప భూమ్మీద ఇంకెవడికీ చేతకాదని, అందులోనూ మన ఇటలీవాడికి అసలే చేతకాదని ఆయన వాదన. ఆ వాదన ఇంట్లో పెట్టుకుంటే ఎవరికీ బాధ లేకపోను. పొద్దున కాఫీ బార్‌లో కూచున్నవాళ్లకీ, మంగలి దగ్గర మొహం నిండా సబ్బు నురగతో నోరు మెదపలేనివాళ్లకీ, సాయంత్రం ఔరోరా హాలు ముందు టికెట్టుకు నిలబడ్డవాళ్లకీ అడక్కుండానే పంచిపెట్టేవాడు.

"మనవాడు దయ్యం వేషం కడితే ఏం చేస్తాడయ్యా? భోజనం వేళకి లేస్తాడు. తిన్నాక కునుకు తీస్తాడు. తీరా పీక కొరకబోయే టైముకి, చలిగా ఉంది స్వెట్టరేసుకోరా అని వాళ్లమ్మ కేకేస్తుంది. ఇంకెవడు జడుసుకుంటాడు?"

ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. వెళ్లే రైళ్లకి జెండా ఊపడమే గాని, తాను రోము దాటి ఎరగడు. అయినా ఆగస్టు ఎండలో నల్లగొడుగు, మెడకి ఉన్ని మఫ్లరు, అయిదింటికి టీ. బార్ పిల్లకి టీ కాయడం రాక చామంతిపూల కషాయం పోసిస్తే, "ఆహా, లండన్!" అని కళ్లు మూసుకుని చప్పరించేవాడు. ఊళ్లోవాళ్లు మొహమ్మీదే 'దొరగారూ' అని వెక్కిరించేవారు. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకునేవాడు.

ఈ దొరగారికో దేవుడున్నాడు. పేరు హెన్రీ థార్న్‌వుడ్. ఆయన తీసిన దయ్యాల సినిమా ఏడాదికి ఒకటైనా ఔరోరాకి వచ్చేది. అన్నిట్లోనూ అదే పాడుబడ్డ కోట, అదే ఉరుములు, అదే పొగమంచు. ఇంట్లో అంతమంది నౌకర్లుండగా, కొవ్వొత్తి పట్టుకుని రాత్రిగౌనులో ఒంటరిగా నేలమాళిగలోకి దిగే బుద్ధిలేని పిల్ల ఒకతె. చచ్చి నూరేళ్లయినా పెదవి రంగు చెదరని మంత్రగత్తె ఇంకొకతె. చెబితే నవ్వొస్తుంది. హాల్లో కూచుంటే మాత్రం నవ్వు రాదు. ఆ నలుపు తెలుపుల్లో మంత్రగత్తె కళ్లు విప్పిందంటే పారిపోవాలో పెళ్లాడాలో తెలియక మొగాళ్లు నోళ్లు తెరుచుకు చూసేవాళ్లు.

అక్కడక్కడా అనుమానం పక్షులుండేవి, లేకపోలేదు.

"దొరగారూ, స్కాట్లండు కోట వెనకాల మన పైన్ చెట్లెందుకున్నాయండీ?"

"మన దగ్గర విత్తనాలు కొనుక్కెళ్లారు."

"ప్రభువుగారి బల్లమీద గడ్డి చుట్టిన మన వైను బుడ్డి ఉందే మరి?"

"దొరలకి రుచి తెలుసు."

"గోరీలు తవ్వేవాడు అయిదు వేళ్లూ దగ్గరకి ముడిచి, అచ్చం మనలాగే చెయ్యూపుతూ మాట్లాడాడేం?"

"చలి! వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ మాత్రం తెలీదూ?"

ఈ మాటలన్నీ టికెట్ గదిలో కూచున్న పల్మీరా చెవిన పడేవి. హాలు ఆమెదే. మొగుడు పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఇటలీవాడికి దయ్యాలు చేతకావని ఆయన అన్నప్పుడల్లా ఆమెకి కడుపు భగ్గుమనేది. ఎందుకంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు సవేరియో రోము వెళ్లి ముందుగా తీసింది దయ్యాల సినిమాయే. కొన్నేళ్ల కిందట అది ఇదే హాల్లో ఆడింది. తెరమీద పేరు పడ్డం ఆలస్యం, "ఒరేయ్, మన పల్మీరా కొడుకురా!" అని ఎవడో అరిచాడు. ఇక ఎవడికి భయం? శవపేటిక మూత లేస్తే, "సవేరియో, అమ్మ పిలుస్తోంది!" అన్నారు. రక్తం కారితే, "టమాటాలు మీ పెరట్లోవేనా?" అన్నారు. ఆఖరిదాకా ఒకటే పకపకలు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కిన కుర్రాడు మళ్లీ ఊరి మొహం చూళ్లేదు. పండక్కి ఫోన్ చేసి, స్టూడియోలో దీపాల తీగలు మోస్తున్నానని చెప్పేవాడు. అప్పట్నుంచీ పల్మీరా బొమ్మ ఆడుతుండగా హాల్లో అడుగు పెట్టలేదు. అల్లిక పట్టుకుని గదిలోనే కూచునేది.

"ఏమయ్యా, నా పుండు మీద రోజూ కారం చల్లడం తప్ప నీకింకో పని లేదా?" అని ఒకసారి నిలదీసింది.

"నిజం కాస్త కారంగానే ఉంటుందమ్మా," అన్నాడు దొరగారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఆ శరత్కాలంలో థార్న్‌వుడ్ కొత్త బొమ్మ వచ్చింది. హాలు కిటకిటలాడింది. విశ్రాంతికి దీపాలు వెలిగేసరికి మందుల షాపు గ్వాల్తియేరో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఊరందరి అజీర్తికీ మందిచ్చే ఆ మనిషికి కడుపులో ఒక్క మాట దాగదు.

"అయ్యలారా, అమ్మలారా! మా అత్తారూరి సరస్సు పక్క భవంతిలో షూటింగు నా కళ్లతో చూశాను. ఇదే మెట్లు, ఇదే మంత్రగత్తె. నా రొట్టె ఎవడు తిన్నాడ్రా అని అరుస్తున్నాడు డైరెక్టరు. ఎక్కడో చూసిన మొహమే అనుకున్నాను, ఈ మెట్లు చూశాక ఇప్పుడు వెలిగింది. ఎవరనుకున్నారు? మన సవేరియో! థార్న్‌వుడ్డూ లేడు, గీర్న్‌వుడ్డూ లేడు, అది మనవాడు పెట్టుకున్న పేరు!"

తలుపు సందులోంచి విన్న పల్మీరా చేతిలో అల్లిక జారిపోయింది. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు ఆమెకి బాగా తెలుసు. అప్పుడూ ఇలాగే మొదలైంది. ఇది హాలంతా పాకితే రెండో సగం గంగపాలు, కొడుకు ఇక జన్మలో ఈ గడప తొక్కడు.

అంతలో దొరగారు గొడుగు ఝళిపిస్తూ లేచాడు.

"అబద్ధం! సవేరియోనా? ఆ కోళ్లకి జడిసే పిరికిగొడ్డా? వాడివల్ల ఏమవుతుంది? ఇది ఇంగ్లీషు భయం, అసలు సిసలు భయం!"

"ఏం, ఎందుక్కాదు?" అంది రొట్టెల దుకాణం ఆవిడ.

"మనవాడు తీస్తే నువ్వు నవ్వాలమ్మా. ఇందాక మీ ఆయన ఒళ్లోకి ఎందుకు దూకావు?"

"భయమేసి దూకాను! మనవాడు తీశాడు గనకే భయమేసింది! ఆ చల్లటి దేశంవాళ్లకి నెత్తురుంటుందా, మరిగించడానికి?"

"అదీ మాట!" అన్నాడు ఇందాక కిసుక్కుమన్నవాడే. "దొరగారూ, మీరు గాడిదండీ! పైన్ చెట్లు చూసినప్పుడే నేననుకున్నా, ఇది మనవాడి పనేనని."

"నీ మొహం! లండన్‌లో..."

"లండన్ ఎక్కడుందో ముందు చూసి రండి!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వంతా దొరగారి నెత్తినే పడింది. దొరగారేమో చేతులు విసురుతూ సవేరియోని ఇంకా ఇంకా తిడుతున్నాడు. ఆయన తిట్టేకొద్దీ ఊరు సవేరియోని నెత్తికెక్కించుకుంటోంది. పల్మీరాకి ఇదేం పట్టలేదు. తిట్లు మాత్రమే వినబడ్డాయి. విసవిసా వచ్చి ఆయన కాలరు పట్టుకుంది.

"నా కొడుకునే అంటావా, నీ నాలిక పడిపోనూ!"

"ఉండమ్మా తల్లీ," అన్నాడాయన గొంతు తగ్గించి, "ఇంకో రెండు తిట్లు తిట్టనీ. ఇప్పుడిప్పుడే దారికొస్తున్నారు."

ఆమె చెయ్యి సడలింది. "అంటే... నీకు ముందే తెలుసా?"

"మొదటి థార్న్‌వుడ్ బొమ్మప్పుడే తెలిసింది. అందులో ముసలి జమీందారిణి దయ్యాన్ని చెప్పుచ్చుకు తరుముతుంది. ఏ ఇంగ్లీషావిడ అలా తరుముతుందమ్మా? అది నువ్వే. తిట్టు తిట్టూ నీదే. ప్రతి బొమ్మలోనూ ఆవిడుంటుంది, ఇందులోనూ కాసేపట్లో వస్తుంది చూడు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకిలా నన్ను..."

"మనవాడని ముందే తెలిస్తే చూడకుండానే నవ్వుతారు. జడుసుకున్నాక తెలిస్తే నవ్వలేరు. నీకు చెబితే నువ్వు ఒక్క పూట ఆగేదానివా? నన్ను తిట్టుకుంటే తిట్టుకున్నావులే అనుకున్నాను."

గంట మోగింది, దీపాలు ఆరాయి. పల్మీరా టికెట్ గదికి వెళ్లలేదు. దొరగారి పక్క కుర్చీలోనే కూలబడి, కొడుకు తీసిన బొమ్మ కళ్లారా చూసింది. జమీందారిణి వంగి కాలి చెప్పు తీస్తుంటే ఊరంతా "కొట్టు! కొట్టు!" అని అరిచింది.

మర్నాడు రోముకి ఫోన్ చేసింది. ఎప్పుడూ పండక్కి కొడుకు చెయ్యాల్సిందే గాని తాను చేసి ఎరగదు.

"ఏరా థార్న్‌వుడ్డూ!"

అవతల్నుంచి చిన్న గొంతుతో, "అమ్మా... నవ్వారా?" అన్నాడు.

"నవ్వలేదురా నాన్నా. జడుసుకు చచ్చారు. ఆదివారం భోజనానికి రా, ఊరంతా నిన్ను చూడాలంటోంది." అంతలోనే గొంతు పెంచింది. "నన్ను అంత ముసల్దాన్ని చేస్తావట్రా? రా చెబుతాను. చెప్పు గుమ్మంలోనే పెట్టాను."