మా ఆయన డూప్లికేటు వాచీలు

మా ఆయన పేరు యలమంద. పర్చూరు శివార్లలోని పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. తాగడు, పేకాడడు, ఎవరితోనూ మాటా మాటా అనుకోడు. ఇన్ని సుగుణాలున్న మొగుణ్ణి దేవుడు నాకు ఊరికే ఎందుకిస్తాడు? వాచీల పిచ్చి ఒకటి తగిలించి మరీ ఇచ్చాడు.

పోనీ అసలు వాచీలా అంటే అదీ కాదు. డూప్లికేట్లు. కోటీశ్వరులు పెట్టుకునే విదేశీ కంపెనీల వాచీలకి అచ్చుగుద్దినట్టుండే నకళ్ళు. కిరీటం గుర్తుదొకటి, రెక్కల గుర్తుదొకటి, ఢిల్లీ నుంచో ఎక్కడి నుంచో కొరియర్లో దిగుతుంటాయి. తెప్పించుకుని చేతికి పెట్టుకుంటే మగాడి సరదా అని సరిపెట్టుకోవచ్చు. ఈయన ఉన్నదున్నట్టు పెట్టుకోడు. వచ్చిన రోజే దాని వీపు విప్పుతాడు. దీని ముళ్ళు దానికి, దాని డయలు దీనికి, చైనా మిషను పీకేసి జపాన్ మిషను. చివరికి ఏ కంపెనీ వాడూ తనదని చెప్పుకోలేని వాచీ ఒకటి తయారవుతుంది. అప్పుడు నన్ను పిలిచి, "జ్యోతీ, ఎట్టా ఉంది?" అంటాడు. "పొయ్యి మీద పాలున్నాయి" అని నేను లేచి వెళ్ళిపోతాను.

మిల్లు నుంచి వచ్చే మనిషి ఒంటి నిండా దూది నూగే. ఆ నూగు ఒక్క పోగు లోపల పడినా వాచీ ఆగిపోతుందట. అందుకని స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, మంచం మీద దోమతెర దించుకుని అందులో కూర్చుంటాడు. కంటికి భూతద్దం, ఒళ్ళో స్టీలు పళ్ళెం. పట్టపగలు దోమతెరలో ఉన్న మనిషిని చూసి ఇరుగుపొరుగు వాళ్ళు గొంతు తగ్గించి, "అన్నయ్యకి ఒంట్లో బాగాలేదా వదినా?" అని అడుగుతారు. "బాగానే ఉంది, ఆపరేషన్ చేస్తున్నాడు" అని చెబుతాను.

ఆయన దోమతెరలో ఉండగా వంటింట్లో ఎండుమిర్చి తాలింపు పెట్టకూడదు. ఒకసారి మర్చిపోయి పెట్టాను. ఘాటు లోపలికి పోయింది, ఆయన తుమ్మాడు, ఆవగింజలో సగం ఉండే మర ఎటో ఎగిరిపోయింది. ఆదివారం పూట ఇంటిల్లిపాదీ నేల మీద బోర్లా పడుకుని దాన్ని వెతికాం. అప్పట్నుంచి నాకు కోపం వచ్చిన రోజున మా ఇంట్లో తాలింపు కాస్త దండిగానే పడుతుంది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ వాచీల్లో ఆయన ఒక్కటి అమ్మింది లేదు, ఎవరికీ అసలుదని చెప్పింది లేదు. మిల్లులో ఎవరైనా చూసి, "ఏరా యలమందా, లాటరీ తగిలిందా?" అంటే, "డూప్లికేటురా, నేనే మార్చా" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. ఛాతీ విరుచుకోవాల్సిన సంగతేనా అది?

ఇలా ఉండగా మా అమ్మాయి బిందుమాధవికి దర్శి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి చైతన్యకృష్ణ, పురుగుమందుల కంపెనీలో సేల్స్ చూస్తాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నాయనమ్మ సుబ్బరావమ్మ గారే పెంచింది. మిర్చి పొలం, కూలీలు, ఇల్లు అన్నీ ఆవిడ కనుసన్నల్లోనే నడుస్తాయి. ఆవిడ ఔనంటే ఔను, కాదంటే కాదు.

మా అమ్మాయి అంతకు ముందు వచ్చిన వాళ్ళందరికీ ఏదో ఒక వంక పెట్టింది. ఈ అబ్బాయితో మాత్రం వరండాలో నిలబడి కాసేపు మాట్లాడి వచ్చి, "సరేనమ్మా" అంది. అని ఊరుకోకుండా నవ్వింది. ఆ నవ్వు చూసిన దగ్గర్నుంచి, ఈ సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని నాకు ఒకటే బెంగ.

ఆ పెళ్ళిచూపుల రోజున అబ్బాయి చేతికి కిరీటం గుర్తు వాచీ ఉంది. "కంపెనీ వాళ్ళు బహుమతిగా ఇచ్చారమ్మా, జిల్లాలో మావాడే ఫస్టు" అని సుబ్బరావమ్మ గారు మురిసిపోయింది. మా ఆయన పిల్లవాడి మొహం వదిలేసి ఆ మణికట్టే చూస్తూ కూర్చున్నాడు. చివరికి నేను కాలు తొక్కాల్సి వచ్చింది.

నిశ్చయ తాంబూలాలకి ముహూర్తం పెట్టుకున్నాం. ఆ రోజున ఆడపిల్ల తండ్రి కాబోయే అల్లుడి చేతికి వాచీ కట్టడం మాలో ఆనవాయితీ. ఆ మాట రాగానే మా ఆయన కళ్ళు దోమతెర వైపు తిరిగాయి.

"ఆ చూపు నాకు తెలుసు. ఆ పని మాత్రం చెయ్యమాకండి" అన్నాను.

"కొట్లో కొన్నది ఎవడైనా కడతాడే. నా చేత్తో చేసింది కడితే తప్పేంటి?"

"ఆ అబ్బాయి చేతికి ఎట్టాంటి వాచీ ఉందో చూశారుగా. దాని పక్కన మీ అతుకుల బొంత పెడితే మన పరువేం కాను? ఆ ముసలావిడ ఊరుకుంటుందా? బంగారం లాంటి సంబంధం. ఒంగోలెళ్ళి షోరూములో మంచిది పట్టుకురండి."

ఆయన ఏదో చెప్పబోయి, మింగేసి, "సరే" అన్నాడు. మర్నాడు ఒంగోలు వెళ్ళాడు, వచ్చాడు. తాంబూలాల ముందు రోజు "వాచీ రెడీ" అన్నాడు. సున్నుండలు చుడుతూ నేను "ఊఁ" అన్నాను తప్ప విప్పి చూడలేదు.

కార్యక్రమం పర్చూరులోనే, కల్యాణమండపంలో. మైకు మా అన్నయ్య బాపయ్య చేతికి వచ్చింది. మా వైపు ఏ శుభకార్యానికైనా చదివింపులు ఉండాల్సిందే. ఎవరు ఏం పెట్టారో పేరుతో సహా మైకులో చదివితేనే పెట్టినట్టు. మా అన్నయ్య నోట్లో మామూలుగానే నువ్వుగింజ నానదు. అలాంటి మనిషికి మైకు దొరికితే ఇక చెప్పేదేముంది? స్టీలు బిందె పెట్టిన వాళ్ళని కూడా ధర్మదాతలని చదువుతున్నాడు.

వాచీ వంతు వచ్చింది. అబ్బాయి తన చేతి వాచీ తీసి జేబులో వేసుకుని చెయ్యి చాపాడు. మా ఆయన ఆకుపచ్చ పెట్టె తెరిచి, లోపలి వాచీ తీసి, వంగి కడుతున్నాడు. ఖాళీ పెట్టె మా అన్నయ్య చేతిలో పడింది. దాని మూత మీద కిరీటం గుర్తు తళతళలాడుతోంది.

"వధువు తండ్రి గారు, మా బావగారు, పర్చూరు వాస్తవ్యులు శ్రీ యలమంద గారు అల్లుడు గారికి చదివించిన వాచీ. కిరీటం కంపెనీ. ఒరిజినల్. స్విట్జర్లాండు."

ఒరిజినల్ అన్న మాట పెట్టె మీద లేదు. అది మా అన్నయ్య సొంతం. వెనక వరసల్లో జనం లేచి నిలబడ్డారు. "ఆ వాచీ పెట్టి కారు కొనొచ్చురా" అని ఎవరో అన్నారు. సుబ్బరావమ్మ గారు కుర్చీలోంచి లేచింది.

"ఒరే వీడియో అబ్బాయ్, దగ్గరకొచ్చి తియ్యి. మావాడిదీ కిరీటమే, మామగారు పెట్టిందీ కిరీటమే. మా వాళ్ళందరికీ చూపించాలి."

అప్పుడు చూశాను నేను. డయలు పండుమిరపకాయ రంగులో ఉంది. దాని చుట్టూ తెలుగు అంకెలు. అలాంటి వాచీ స్విట్జర్లాండులోనే కాదు, భూప్రపంచంలో ఎక్కడా చెయ్యరు, మా దోమతెరలో తప్ప. ఎప్పుడో డూప్లికేటుతో పాటు వచ్చిన పెట్టె ముస్తాబుగా ఉందని తన వాచీని అందులో పెట్టుకొచ్చాడు మహానుభావుడు.

ఊరుకోండి అని కళ్ళతోనే సైగ చేశాను. ఈ పూట గడిస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత. ఆయన నా వంక చూశాడు, అమ్మాయి వంక చూశాడు, నడుచుకుంటూ మైకు దగ్గరికి వెళ్ళాడు.

"బావా, ఇటియ్యి."

అన్నయ్య ఇచ్చాడు.

"అందరూ క్షమించాలి. మా బావ పెట్టె చదివాడు, వాచీ చూళ్ళేదు. ఆ పెట్టె డూప్లికేటు వాచీది. ఇదీ డూప్లికేటుగా వచ్చిందే. కేసు చైనాది, మిషను జపానుది. దాని మీదున్న కిరీటం నేనే గీకేశా. డయలుకేసింది మా అమ్మాయి గోళ్ళరంగు, అంకెలు నా చేత్తో రాసినయ్యి. షోరూముకెళ్ళా, చూశా, కొనబుద్ధి కాలేదు. అల్లుడు టైము చూసుకున్నప్పుడల్లా నేను గుర్తుకు రావాలనిపించింది. అంతే. అసలుదనుకుని మీరు పుచ్చుకుంటే మోసం చేసినట్టవుద్ది."

నాకు తల కొట్టేసినట్టయింది. సుబ్బరావమ్మ గారు నిలబడిన చోటే నిలబడి ఉంది. ఆవిడ నోటి నుంచి ఏ మాట వస్తే మా అమ్మాయి బతుకు అటు తిరుగుతుంది. నేను మనసులో కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి మొక్కుకున్నాను.

అబ్బాయి లేచాడు. మామగారి చేతిలో మైకు తీసుకున్నాడు. చెమటలు పట్టి ఉన్నాయి పాపం.

"మామయ్య గారూ, నాదీ డూప్లికేటేనండి. కంపెనీ వాళ్ళు నాకేమీ ఇవ్వలేదు. మీటింగుకని చెన్నై వెళ్ళినప్పుడు ఫుట్‌పాత్ మీద కొన్నా. నాయనమ్మ ఎక్కడిదిరా అంటే బహుమతి అని నోరు జారా. ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఇంక చేతినుంచి తియ్యలేకపోయా. అది నడవటం మానేసి కూడా చాన్నాళ్ళయింది."

"తెలుసు అల్లుడూ" అన్నాడు మా ఆయన మెల్లగా. "పెళ్ళిచూపుల రోజే చూశా. మీరు టిఫిన్లు తిని వెళ్ళేదాకా ముల్లు కదల్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కనే మైకు ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. "తెలిసి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?" అన్నాను. ఆ మాట వీధిలోని సౌండు బాక్సుల దాకా వినపడింది.

"చెబితే నువ్వు సంబంధం వద్దంటావు. వాచీ ఆగిపోయిందని పిల్లోణ్ణి వదులుకుంటామా? ఆగిన వాచీ నేను నడిపిస్తాగా."

అప్పటిదాకా తల వంచుకున్న బిందు పక్కున నవ్వింది. "నాకు వరండాలోనే చెప్పాడమ్మా, నాయనమ్మతో అనొద్దని. మా నాన్న దగ్గర బీరువా నిండా ఉన్నాయిలే అన్నా" అంది. ఇంటిల్లిపాదీ కలిసి నన్నొక్కదాన్నే వెర్రిదాన్ని చేశారన్నమాట.

జనమంతా సుబ్బరావమ్మ గారి వైపు తిరిగారు. ఆవిడ నెమ్మదిగా స్టేజీ ఎక్కింది. ముందు మనవడి చెవి పట్టుకుని, వాడు వంగేదాకా మెలిపెట్టింది. తర్వాత మైకు లాక్కుంది.

"వీడి సంగతి దర్శి వెళ్ళాక చూస్తా. ఇంక డూప్లికేటు మాటంటారా, నా పళ్ళూ కట్టుడుపళ్ళే. గారెలు వాటితోనే నములుతున్నా. అవి నా సొంతమని ఎవరికైనా చెప్పానా? చెప్పలేదు. ఈయనా చెప్పలేదు. ఊరంతా చప్పట్లు కొట్టబోతుంటే ఆపి మరీ ఉన్నమాట చెప్పిన మనిషి ఈయన. ఆ ఇంటి పిల్ల నా ఇంటికి రావాల్సిందే." మా అన్నయ్య వైపు తిరిగింది. "ఏమయ్యా బాపయ్యా, తప్పు చదివావు. మళ్ళీ చదువు. ఉన్నదున్నట్టు చదువు."

మా అన్నయ్య మైకు అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి మాటలు వెతుక్కోవలసి వచ్చింది.

"వధువు తండ్రి గారు, శ్రీ యలమంద గారు, స్వయంగా తన చేతులతో తయారుచేసి అల్లుడు గారికి చదివించిన వాచీ, ఒకటి."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో మిల్లు వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు, అవి వెనకదాకా పాకాయి. ఆ మిల్లులో మిషను ఆగినప్పుడు తప్ప ఆయన పేరు ఎవరూ పిలవరు. మా ఇంట్లో అన్నం చల్లారిపోతుంటే తప్ప నేను పిలవను. ఆయన చేసిన వస్తువు పేరూ ఆయన పేరూ కలిపి నలుగురిలో ఎవరైనా చెప్పడం అదే మొదలు. కండువా అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేనూ కొంగుతో కళ్ళొత్తుకున్నాను, దాచుకోవడమెందుకు.

చప్పట్లు తగ్గాయి. మా ఆయన మా అన్నయ్య దగ్గరికి వెళ్ళి, చెవిలో చెప్పాననుకుని మైకులోనే అన్నాడు.

"బావా, ఇంకొక్కసారి చదవ్వా."

మా అన్నయ్య మళ్ళీ చదివాడు.