గడపకు రాసిన ‘అ’

బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు నా పని ఒక్కటే. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం. ఉద్యోగం దిగిపోయాక నా నెత్తి మీద ఉన్నది ఆకాశం, దానికి దుంగలు అక్కర్లేదు. అయినా చేతులు ఊరుకోవు. నస్పూర్‌లో ఇంటి వెనక జాగాలో ఏదో ఒకటి పాతుతాను, నచ్చక పీకుతాను. పీకిన గుంతలో కాలు పడినప్పుడల్లా మా ఆవిడ తిడుతుంది.

“బాయిల ఉన్నన్ని రోజులు నువ్ తిరిగొస్తవో రావోనని భయం. ఇప్పుడు ఇంట్ల ఉన్నవని భయం.”

ఖానాపూర్ పక్క పల్లెలో మేం పుట్టిన ఇల్లు ఒక వానాకాలం వెనక గోడ జారి కూలింది. ఆ జాగా మా తమ్ముడి వాటా. స్లాబు వేసుకుంటాను, కట్టె నువ్వే తీసుకుపో అన్నాడు. పాత టేకు. మా నాన్న, బాపు, ఎడ్లబండి మీద తెచ్చి ఎక్కించిన దూలాలు, వాసాలు. పొగచూరి నల్లబడ్డాయి గాని గోరు గుచ్చితే దిగదు. అంత కట్టెను చూడగానే నాకు కాళ్లు నిలవలేదు. పెరట్లో చిక్కుడు పందిరి, కాకర పందిరి, కూర్చోవడానికి బల్ల, కోళ్లకు గూడు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు లేచాయి.

మా అక్క అడిగింది ఒక్కటే. బావ పోయాక ఆమె అదే ఊర్లో రేకుల కింద ఉంటోంది. ఒక్క గది కట్టుకుందామని ఇటుక తెప్పించుకుంది.

“అన్ని నువ్ తీస్కపో తమ్మీ. ముందటి దర్వాజ గడపొక్కటి నాకియ్యి. అవ్వ దాటిన గడప నేను గూడ దాటాలె.”

ఆ దర్వాజ నిలువు చెక్కలను చెదలు తినేశాయి. గడప మాత్రం ఇనుములా ఉంది. శుభ్రం చేయించి, కొత్తదానిలా చేసి ఇస్తానన్నాను. నలుగురిలో అన్నాను.

మాది ఆదివారం ప్రార్థనకు పోయే ఇల్లు. గడపకు పసుపు లేదు, బొట్టు లేదు. అయినా దాని మీద కూర్చుంటే అవ్వ, అంటే మా అమ్మ, చీపురుకట్ట అందుకునేది. “ఇంటి మెడ మీద కూసుంటార్రా” అనేది. అక్కా నేనూ తిన్న దెబ్బల్లో సగం గడప దెబ్బలే.

ట్రాక్టర్‌లో ఎక్కించే ముందు ప్రతి కట్టె కొసన గుర్తు రాశాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను అక్షరాలు నేర్చింది నలభై ఆరో ఏట. అప్పటిదాకా బొటనవేలే నా సంతకం. నేర్పింది మా ఆవిడ, ఏడో తరగతి దాకా చదివిన మనిషి. అచ్చులు తొందరగానే వచ్చాయి. ఒత్తులు రాలేదు. ఇప్పటికీ ఒత్తు దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. “బాయి మొత్తం దుంగలు పెట్టిన మనిషివి, గీ అక్షరం కింద ఒక్క దుంగ పెట్టరాదా?” అని నవ్వేది. ఆ రోజు గడప కొసన “అక్క” అని రాద్దామని సుద్దముక్క పట్టుకున్నాను. చుట్టూ మనుషులు. ఒత్తు ఎటు తిరుగుతుందో ఠక్కున గుర్తుకు రాలేదు. తప్పు రాసి నవ్వులపాలు కావడం ఎందుకని “అ” రాసి వదిలేశాను. దూలాలకు “ద”, వాసాలకు “వ” రాశాను. అడ్డకర్రలకు కూడా “అ” రాశాను. అప్పుడు గడప వేరే పక్కన పెట్టి ఉంది, ఏది ఏదో నాకు తెలుసు. నాకు తెలిసినప్పుడు కట్టెకు తెలియకపోతే ఏమైంది అనుకున్నాను.

గడపతో సహా ఆ కట్టె మా పెరట్లో తాటిపత్రి పట్టా కింద ఒక చలికాలం, ఒక ఎండాకాలం పడి ఉంది. కట్టె ఆరకుండా పని మొదలు పెట్టకూడదు. నాకు ఓపిక లేకపోయినా ఆ నియమం మాత్రం తప్పలేదు. మొలలు పీకడానికే పది రోజులు పట్టింది. కోత మిషన్‌కు తీసుకుపోయి అన్నింటికీ పైపొర గీయించాను. నలుపంతా పోయి లోపలి తేనె రంగు తేలింది. ఇప్పుడు అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి, పెద్దదేదో చిన్నదేదో తప్ప తేడా తెలియదు. కొసల మీద సుద్ద గుర్తులు మాత్రం మిగిలాయి.

దూలాలు నాలుగు గుంజలయ్యాయి. మట్టిలో దిగే మూరెడు భాగాన్ని మంటలో కాల్చి, బండి ఇంజన్‌లోంచి తీసిన పాత నూనె పూసి పాతాను, చెదలు రాకుండా. పాత బెజ్జాలను పూడ్చలేదు. ఇల్లు కట్టిన వడ్రంగి, వడ్లాయన, ఎన్నడో తొలిచిన ఆ బెజ్జాల్లోంచే అడ్డకర్రలు దూర్చాను. పందిరికి ఒక్క కొత్త మొల కొట్టలేదు. ఆ సంగతి వచ్చినవాళ్లకు, రానివాళ్లకు కూడా చెప్పాను.

“పందిరి సరే. కింద కూసోని కూరగాయలు తరిగి తరిగి నడుము పోతంది, కూసునే బల్ల ఏది?” అంది మా ఆవిడ.

“అ” గుర్తున్న కట్టెలు రెండు తీశాను. ఒకటి పొడుగు, మందం. రెండో దాని సమానానికి దాన్ని రెండు జానలు కోసి, రెంటినీ పక్కపక్కన రెండు గుంజల మధ్య బిగించాను. పాత కట్టెలన్నింటికీ బెజ్జాలు, గుంటలు ఉన్నవే కాబట్టి పట్టించుకోకుండా నున్నటి వైపు పైకి పెట్టాను. పనంతా ఒక్క పూటలో అయిపోయింది. బల్ల బాగా కుదిరింది. మా ఆవిడ రోజూ దాని మీద కూర్చుని కూరగాయలు తరిగేది.

చిక్కుడు తీగ పందిరి సగం ఎక్కిన రోజుల్లో అక్క ఫోన్ చేసింది.

“శుక్రారం దర్వాజ ఎత్తుతున్నం తమ్మీ. పాస్టరయ్య ప్రార్థనకు వస్తనన్నడు. గడప నేనే వచ్చి తీస్కపోత. బేస్తారం పొద్దుగాల బస్సుకు వస్త.”

ఫోన్ పెట్టేసి కుప్ప దగ్గరికి వెళ్లాను. మిగిలిన కట్టెలన్నీ తిరగేశాను. రెండోసారి తిరగేశాను. తర్వాత పందిరి కిందకు వచ్చి, మోకాళ్ల మీద వంగి, బల్ల అడుగున చెయ్యి పెట్టి తడిమాను. వేలు ఒక గుంటలోకి దిగింది. పాత తలుపు తిరిగి తిరిగి అరిగిన గుంట. చిన్నప్పుడు అక్క అందులో చింతగింజలు దాచేది, నేను దొంగిలించేవాణ్ని. అది రెండు రెక్కల తలుపు, గుంటలు రెండుండాలి. రెండోది నేను కోసిన ముక్కలో పోయింది.

“నేను కోసిన ముక్క ఎటు పోయింది?” అని మా ఆవిడను అడిగాను.

“నీళ్ల కాగు కింద పెట్టిన. మంచిగ మండింది. ఎందుకు?”

చెప్పాను. ఆమె కత్తి కింద పెట్టి, బల్ల మీది నుంచి గబుక్కున లేచింది. “ఓరి దేవుడా, గడప మీద కూసోబెట్టినవ్ నన్ను ఇన్ని రోజులు.”

మా వాడ వడ్లాయన దగ్గరికి పోయాను. వేరే ముక్క అతికి పొడుగు చేయమన్నాను. అతను ఉలి పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“అతుకు గడప మీద దర్వాజ ఎత్తరు పెద్దాయనా. నేనైతె ఎత్తను. అతికిన గడప అతికిన సంసారం అంటరు. ఇంకెవలనన్న అడుగు.”

ఇంకెవరినీ అడగలేదు. మిగిలిన దూలంలోంచి సరిగ్గా పాత పొడుగుకు ఒక ముక్క కోయించాను. అదే ఇంటి టేకు, అదే రంగు. ఇంటికి తెచ్చి రెండు చివరలా రెండు గుంటలు నేనే తొలిచాను. కొసన సుద్దతో “అ” రాశాను. రెండు రోజులు ఇదే పని. గేటు దాకా పోవడం, రావడం, ఆ ముక్కను ఎండలోంచి నీడలోకి జరపడం, మళ్లీ ఎండలోకి జరపడం.

“మీ అక్కకు కండ్లు లేవనుకుంటున్నవా?” అంది మా ఆవిడ.

“నువ్ నోరు మూస్కో. అదే ఇంటి కట్టె.”

“అదే ఇంటి కట్టె అయితె నీకు గింత చెమట ఎందుకు?”

అక్క వచ్చింది. మంచిర్యాలలో బస్సు దిగి, ఆటోలో కుదుపులు తిని, కాళ్లు వాచి వచ్చింది. చెప్పులు విడిచి నేరుగా పందిరి కిందికి పోయి బల్ల మీద కూలబడింది. నేను ఆపేలోపే కూర్చుంది. మా ఆవిడ నన్ను చూసింది, నేను చిక్కుడు తీగను చూశాను.

“మంచిగుంది తమ్మీ నీ పందిరి. చల్లగుంది. గడపేది?”

ఆ ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాను. అక్క ఒంగి దాన్ని చేత్తో నిమిరింది. గుంటలో బొటనవేలు పెట్టి తిప్పింది. చాలాసేపు తిప్పింది.

“గిది మనది కాదు.”

“మనదే అక్కా, మిషన్ల గీయించిన గదా, అందుకే…”

“తమ్మీ, మన గడప గుంట ఒక దిక్కు అరిగి ఉంటది. బాపు తలుపును కాలుతోని తన్ని తెరిచెటోడు. గిదేమో గుండ్రంగ, గిన్నె లెక్క ఉన్నది. నిన్న తొలిచినవా, మొన్ననా?”

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. బాయిలో ఒకసారి పైకప్పు చిటపటమన్నప్పుడు కూడా అలా నిలబడలేదు, పరుగెత్తాను.

“నువ్ కూసున్నదే అక్కా మన గడప,” అన్నాను.

ఆమె లేవలేదు. చెయ్యి కిందికి పోనిచ్చి అడుగున తడిమింది. గుంట దొరికింది. అరిగిన దిక్కు దొరికింది. కళ్లు మూసుకుంది. నేను మొత్తం చెప్పాను. సుద్దముక్క, ఒత్తు, “అ”, రెండు జానలు, కాగు.

“ఒత్తు రాక కోసినవా?”

“ఆఁ.”

“సిగ్గు లేదారా? నన్ను అడిగితె… నాకు గూడ రాదు అనుకో.” తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అవ్వ ఉంటె ఇద్దరిని గలిపి కొట్టేది. కూసున్నదాన్ని నేను, కూసోబెట్టినోడివి నువ్వు.”

“కొత్తది తీస్కపో వదినె. టేకే గదా,” అంది మా ఆవిడ.

“కొత్తది ఎవలకు గావాలె పిల్లా? ఎంత మిగిలితె అంతే ఇయ్యుమను. దర్వాజ సన్నగ పెట్టమంట మేస్త్రిని. నేను పక్కకు తిరిగి పోత.”

బల్ల విప్పాను. అక్క పక్కనే నిలబడింది. “ఇప్పుడు రాయి,” అంది. “సుద్దతోని కాదు, ఉలితోని. నిండ రాయి. నాకు చదువరాదు గని నీకు వస్తది గదా. మల్ల కొయ్యకుంట ఉంటవ్.”

మా ఆవిడ మట్టిలో వేలితో రాసి చూపించింది. నేను దాన్ని చూసి గడప కొసన తొలిచాను. ఒత్తు కాస్త కిందికి జారింది.

శుక్రవారం నేనూ వెళ్లాను. మేస్త్రి గోడను గడపకు సరిపోయేటట్టు దగ్గరికి జరిపి కట్టాడు. ఒంటి రెక్క తలుపు, ఒకే గుంట. పాస్టరయ్య ప్రార్థన చేసి, తనూ పక్కకు తిరిగి లోపలికి పోయాడు. మంచం పోలేదు. మంచంకోళ్లు ఊడదీసి, చట్రం నిలువుగా పట్టి లోపలికి తోశాం.

ఇప్పటికీ నెలకొకసారి పోతాను. పొట్ట లోపలికి పీల్చి, భుజం ముందు పెట్టి దూరుతుంటే లోపలి నుంచి అక్క అరుస్తుంది, “జర పక్కకు తిరుగు తమ్మీ, నువ్ చేసిన దర్వాజనే అది.”

నేను తొలిచిన దొంగ గడప మా పందిరి కింద బల్ల అయింది. దాని మీద కూర్చుంటే ఎవరూ కొట్టరు. ఇంటికి వచ్చినవాళ్లంతా దాని మీదే కూర్చుంటారు, గుంటల్లో మా ఆవిడ చిక్కుడు గింజలు పోసి పెడుతుంది. నేను రెండు నిమిషాలు కూర్చుంటాను. అంతకు మించి కూర్చోలేను. లేచి గేటు దాకా పోతాను, వస్తాను.