తీగ ఊడిన తరువాత

పక్క బల్ల దగ్గర ఎవరైనా కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్ లాగితే రెండు స్వరాల చిన్న మోత వస్తుంది. ఆఫీసులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం చేతులు ఆగిపోతాయి, రమాదేవి మేడం గుర్తొస్తారు.

అడవి ఊళ్ల దవాఖానాలకు ఈసీజీ యంత్రాలు అమర్చే ఖమ్మం కంపెనీలో ఆమె నాకు పైఅధికారి. బొగ్గుబాయి కార్మికుడి కూతురు. యంత్రం చెప్పేది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాంను డ్రైవర్ అంటాం. అది రాయడం నాకు నేర్పింది ఆమే. నేను మొదటిసారి రాసింది నడుస్తుండగానే ఆమె యంత్రం తీగను చటుక్కున పీకేశారు. తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. "తీగ ఊడదనుకోని రాసినవ్ తమ్మీ. ఊడుతది. నర్సమ్మ బండి జరుపుతది, ఎవరిదో కాలు తగుల్తది. ఊడితే ఏం చెయ్యాల్నో ముందు రాయి" అన్నారు. సరిచేశాను. ఇరవై సార్లు పీకి చూశాను, కంప్యూటర్ ఆగలేదు. ఆమె సెలవులో ఉన్న వారంలో, ఇక చాలనుకొని, ఆమెకు చూపకుండానే దవాఖానాలకు పంపేశాను.

చర్ల అవతల ఒక చిన్న దవాఖానాకు ఛాతీ నొప్పితో ఒక పోడు రైతు వచ్చాడు. పరీక్ష మధ్యలో తీగ ఊడి కంప్యూటర్ ఆగింది. మళ్లీ మొదలుపెడితే తీగ మళ్లీ ఊడి, మళ్లీ ఆగింది. చివరికి పరీక్ష పూర్తయి, గుండెపోటని తేలి, భద్రాచలం పెద్దాసుపత్రికి బయల్దేరేసరికి చాలా ఆలస్యమైంది. ఆ గుంతల దారిలోనే ఆయన ప్రాణం పోయింది.

రెండు రోజుల తరువాత మేడం, నేను అక్కడికి వెళ్లాం. ఆమె తీగను పీకుతూ, పెడుతూ మూడు గంటలు కూర్చున్నారు. చివరికి దొరికింది. "తీగ ఊడంగనే యంత్రం పోయింది. గానీ దాని జవాబు కోసం ఒక పని ఇంక ఎదురుచూస్తాంది. దాన్ని ఆపకుండనే నువ్వు అది వాడుకునే మెమరీ తీసేసినవ్. ముందుగాల అన్నీ ఆపాలె, ఆగినయని తెలిసినాకనే తీసెయ్యాలె." నాలుగు వరుసల సవరణ. అంతే.

వరండాలో ఆ రైతు కూతురు ఏదో కాగితం కోసం నిలబడి ఉంది. "మిషన్ ఖరాబైందన్నరు, నిజమేనా మేడం?" అని అడిగింది. కరెంటు సమస్య అని చెప్పమని కంపెనీ మాకు ముందే చెప్పింది.

"మిషన్ మంచిగనే ఉంది బిడ్డా. మా ప్రోగ్రాంల తప్పుంది. చూసుకోవాల్సింది నేను" అన్నారు మేడం.

"మంచిగ నడిస్తే మా నాయిన బతుకుతుండెనా?"

"తెల్వదు బిడ్డా. గుండెపోటని అయితే జల్దీ తెలుస్తుండె."

నెల తిరక్కుండానే ఆమె ఉద్యోగం పోయింది. ఆ సవరణను కంపెనీ మిగతా దవాఖానాలకు పంపలేదు. పంపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. నా పేరు ఎక్కడా రాలేదు. ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తరువాత ఆమెకు ఎక్కడా పని దొరకలేదని విన్నాను. ఫోన్ చేయాలనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను.

ఆమె పోయారని తెలిసి కారేపల్లిలో వాళ్ల అన్నగారింటికి వెళ్లాను. "నీ గురించి చెప్తుండె. పిలగాడు మంచిగ రాస్తడని" అన్నాడాయన. నిజం నోటిదాకా వచ్చింది. ఇచ్చిన టీ తాగి బయటికొచ్చాను.

ఇప్పుడు వేరే కంపెనీలో కొత్తవాళ్లకు నేను అదే పని నేర్పుతున్నాను. చాలా జాగ్రత్త గల మనిషినని వాళ్లు అనుకుంటారు. ఆ నాలుగు వరుసలు చేరని యంత్రాలు అడవి ఊళ్లలో ఇంకా నడుస్తున్నాయి. ఏయే ఊళ్లలోనో నాకు తెలుసు.