ఫార్మాట్ చేయమన్న పెళ్లి ఫొటోలు

ఈ మధ్యాహ్నం అనకాపల్లిలో మా బావ ఫొటో స్టూడియోకి వెళ్లాను. పొద్దున చర్చిలో తీసిన పెళ్లి ఫొటోలున్న మెమరీ కార్డును కంప్యూటర్ చదవలేక, ఫార్మాట్ చేయమంటోంది. బావ చెయ్యి మౌస్ మీదే ఉంది.

"నొక్కకు బావా, ఫొటోలన్నీ సెరిగిపోతాయి. కార్డు బాగానే ఉంది. ఇది కొత్త రకం, దీన్ని సదివే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారు, నీ కంప్యూటర్లో లేదు."

"మరెక్కడుంది?"

"నా లాప్‌టాప్‌లో. ఆఫీసులో నేను రాత్తన్నది అదే."

కార్డు పెట్టగానే ఫొటోలన్నీ వరసగా వచ్చేశాయి. పెళ్లికూతురు ఉంగరం తొడుగుతున్న ఫొటో చూసి బావ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆళ్ల నాన్నకి ఏటి సెప్పాలా అని సచ్చిపోయేను," అన్నాడు.

నా డ్రైవర్‌ను ఆఫీసులో టెస్టింగ్ వాళ్లు ఇంకా పాస్ చేయలేదు. మా బావ చేసేశాడు. కంప్యూటర్ అడిగిందే తడవుగా ఫార్మాట్ నొక్కేసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?