ఫ్రెష్ కాని యాభై ఆరు కాగితాలు

బుచ్చిరాములు చూపు నుంచి తప్పించుకున్న తప్పు సూరత్‌లో లేదని ఖటోదరా మగ్గాల వాళ్లు అనేవారు. కొంత పొగడ్త, కొంత కడుపుమంట. ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. మగ్గం దిగిన గుడ్డను బల్ల మీద పరచి, మీటరు తర్వాత మీటరు వేళ్ల కింద జరుపుతూ లోపం పట్టుకోవాలి. పోగు తప్పిందా, నూనె మరక పడిందా, అంచు లాగిందా, ఇవే చూడాలి. గుడ్డ చుట్టను అక్కడ తాకా అంటారు. బాగున్న తాకా ఫ్రెష్, బాగులేనిది డ్యామేజ్. లోకంలో మూడో రకం ఉందని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. బెండకాయలు కొన్నా అంతే, చుట్టాల పిల్లకు సంబంధం చూడబోయినా అంతే.

"నన్ను జూడొచ్చిన్నాడు గూడ గిట్లనే వెలుతురుకు నిలవెట్టి జూసిండు" అంటుంది భార్య సారక్క.

కరీంనగర్ దిక్కు పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, పందొమ్మిదో ఏట సూరత్ రైలెక్కిన మనిషి. ఆ ఐదు తరగతుల చదువు మాత్రం గట్టిది. తెలుగు తప్పు లేకుండా రాస్తాడు, లెక్క నోటితోనే కట్టేస్తాడు. తెలుగు కార్మికులుండే డిండోలి పేటలో మున్సిపాలిటీ తెలుగు బడి పెట్టించడానికి ముప్పై ఏళ్ల కింద దరఖాస్తు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగిన పన్నెండు మందిలో ఆయన ఒకడు. నాలుగుసార్లు పని మానుకుని పోయారు. నాలుగోసారి రేకుల షెడ్డు, ఇద్దరు టీచర్లు దక్కారు. కొడుకు సదానందం అందులోనే అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు మనవరాలు సంగీత అందులోనే నాలుగో తరగతి. రేకులు పోయి స్లాబు వచ్చింది. ఆ బడి ముందు నుంచి పోయినప్పుడల్లా బుచ్చిరాములు కాస్త నెమ్మదిగా నడుస్తాడు. తనదేదో అందులో ఉన్నదన్నట్టు చూస్తాడు, ఉన్నది కూడా.

కరోనా వచ్చి మగ్గాలు ఆగాయి. సగం డిండోలి రైళ్లెక్కి ఊళ్లకు పోయింది. దసరా నాటికి చాలామంది తిరిగొచ్చారు, మగ్గాలు సగం తిరిగాయి. యాభై ఎనిమిదేళ్ల బుచ్చిరాములును మాత్రం ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉండమన్నాడు మగ్గాల యజమాని సేఠ్. ఉన్నాడు. రెండు రోజుల్లో ఇంట్లోని దుప్పట్లన్నిటికీ లోపాలు పట్టాడు. మూడో రోజు సారక్క ఆయన్ను గల్లీలోకి తరిమింది.

సరిగ్గా అప్పుడే పద్మారాణి ఫోన్ చేసింది. ఆ బడికి పెద్ద టీచరు ఆమే. సూరత్‌లోనే పుట్టిన కార్మికుల పిల్ల, ఆ బడి మొదటి బ్యాచీ. బుచ్చిరాములును కాకా అని పిలుస్తుంది. గొంతు బొంగురుగా ఉంది.

"కాకా, నాకు కరోనా వచ్చింది. పది రోజులైంది జ్వరం వట్టి. దీపావళి ముందటి పరీక్ష కాయితాలు ఇండ్లకు పంపినం. పిల్లలు రాసి పెట్టుకున్నరు. జెర గల్లీ గల్లీ తిరిగి జమచేసి ఆఫీసుల ఇయ్యాలె. నువ్వైతె పోగొట్టవు."

"పోగొట్టుడా" అన్నాడు బుచ్చిరాములు, ఆ మాట అనవలసిన అవసరమే లేదన్నట్టు. "నువ్వు నిమ్మళంగ పండుకో బిడ్డా. మాల్ నేను అందిస్త."

అక్కడే పొరపాటుకు పునాది పడింది. ఆమె కాగితాలంది, ఆయన మాల్ అన్నాడు, అంటే సరుకు.

రిజిస్టర్లో నూటపన్నెండు మంది. తొమ్మిది మంది ఇంకా ఊళ్లలోనే ఉన్నారు. మిగిలిన నూటముగ్గురి ఇళ్లకూ మాస్కు కట్టుకుని తిరిగాడు. ప్రతి తలుపు దగ్గరా కాగితం అందుకుని మడత విప్పకుండా సంచిలో పెట్టాడు. అంతవరకూ ఎవరూ వంక పెట్టలేరు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, చాప పరచి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లలో చూడకుండా ఒక్క సరుకును గడప దాటించని మనిషికి ఆ కట్టను చూడకుండా పంపడం ఎలా చేతనవుతుంది?

చూశాడు. లెక్క తప్పిన కాగితం ఒక పక్కన, అన్నీ సరిగ్గా ఉన్న కాగితం ఇంకో పక్కన పెట్టాడు. పప్పు మరక పడ్డది తప్పుల పక్కకే పోయింది. సగం ఖాళీగా వదిలేసినదీ అటే. సంగీతది తీసి చూశాడు. నాలుగువందల రెండులోంచి నూటడెబ్బై ఎనిమిది తీసేయమంటే మూడువందల ఇరవై నాలుగని రాసింది. కాసేపు ఆ అంకెలను చూసి దాన్నీ తప్పుల వైపే పెట్టాడు.

"మన పిల్లనే డ్యామేజంటవా?" అంది సారక్క తలుపులోంచి.

"నా తమ్ముడు నేసినా డ్యామేజ్ డ్యామేజే. ఒక్క ఖరాబ్ తాకా దొరికితె లాటు మొత్తం వాపస్ ఒస్తది. బడి ఇజ్జత్ పోదా?"

అలా నలభై ఏడు కాగితాలు ఫ్రెష్ తేలాయి. వాటిని చదును చేసి, దారం కట్టి, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. యాభై ఆరింటినీ పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాడు. చింపలేదు, ఎందుకంటే డ్యామేజ్ సరుకును కూడా పారేయడం ఆయనకు రాదు. పద్మారాణికి ఫోన్ చేసి, పని అయిపోయింది, మన బడికి పేరొస్తుంది అని చెప్పి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

దీపావళి సెలవులయ్యాక ఆఫీసు నుంచి బడికి ఉత్తరం వచ్చింది. పరీక్ష కాగితం ఇచ్చిన పిల్లలనే ఉన్న పిల్లలుగా లెక్కిస్తారట. నలభై ఏడు మందికి ఒక బడి, ముగ్గురు టీచర్లు, దాని కరెంటు, దాని మరమ్మతులు, ఇంత నిధి కుదరదట. వచ్చే నెల నుంచి తెలుగు తరగతులు ఎత్తేసి, పిల్లల్ని పక్క హిందీ బడిలో కలుపుతారట. అభ్యంతరం ఉంటే బుధవారం వచ్చి చెప్పుకోవచ్చు.

పద్మారాణి అప్పుడే కోలుకుని లేచింది. ఆ ఉత్తరం పట్టుకుని గల్లీకొచ్చింది. మెట్లెక్కే బలం లేక కింద అరుగు మీదే కూర్చుంది.

"కాకా, నూటముగ్గురి కాయితాలు జమైనయని చెప్పినవ్ గద?"

"జమైనయి. ఫ్రెష్ నలభై ఏడు ఇచ్చిన. డ్యామేజ్ పైన వెట్టిన, భద్రంగున్నది" అన్నాడు బుచ్చిరాములు, కొంచెం గర్వంగానే.

ఆమె ఆయన ముఖంలోకి అలాగే చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆయన తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. ఉత్తరంలో ఉన్నది తెలుగులో చెప్పింది, అంతే. నాలుగుసార్లు పని మానుకుని తెచ్చుకున్న బడిని ఒక్క మధ్యాహ్నం చాప మీద కూర్చుని తన చేత్తోనే కోసేశాడు. సిగ్గుతో చెవులు కాలాయి.

"నేనే ఒస్త ఆఫీసుకు. తప్పు నాది, నా నోటితోనె జెప్త" అన్నాడు.

బుధవారానికి రెండు రోజులుంది. అటక మీది మూట దింపి, యాభై ఆరింటినీ మళ్లీ పరిచాడు. ఈసారి మంచిదా చెడ్డదా అని కాదు, లోపం ఎక్కడుందో చూశాడు. నిజానికి ఆయన అసలు విద్య అదే. మొదటిసారి తొందరలో ఆ విద్య వాడనే లేదు. సారక్క టీ తెచ్చిపెట్టి, చల్లారిపోతే తీసుకుపోయి, మళ్లీ వేడిచేసి తెచ్చింది. రెండోసారీ చల్లారింది. ఆయన మాత్రం కాగితాల్ని మూడు కుప్పలు చేసి, పెద్ద కుప్పను ముందుకు లాక్కుని, "ఇదేందిది" అనుకున్నాడు.

ఆఫీసులో సూపర్‌వైజర్ సూరతీ మనిషి. చెడ్డవాడేం కాదు, కానీ బల్ల మీద ఇలాంటి ఫైళ్లు పదహారున్నాయి. పద్మారాణి జరిగింది చెప్పి మూట విప్పింది. ఆయన కాగితాలన్నీ గబగబా తిప్పి, గుజరాతీలో మెత్తగానే అన్నాడు. అమ్మా, పిల్లలున్నారని ఒప్పుకుంటాను, కానీ ఇవి చూస్తే నీ కేసు ఇంకా పాడైంది. సగానికి పైగా పిల్లలకు తీసివేత రాదు. ఇలాంటి చదువుకు ఈ నిధి ఎందుకని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?

తలుపు దగ్గర నిలబడ్డ బుచ్చిరాములు చెప్పులు బయటే వదిలి లోపలికొచ్చాడు. ఆయన గుజరాతీ మగ్గాల గుజరాతీ, మర్యాద తక్కువ, స్పష్టం ఎక్కువ.

సాబ్, నేను ఫోల్డింగ్ ఖాతా మనిషిని, గుడ్డలో లోపాలు పట్టేవాణ్ణి, అన్నాడు. ఈ పదకొండు కాగితాల్లో మరకలు తప్ప తప్పు లేదు, డ్యామేజ్‌లో వేసింది నా మూర్ఖత్వం. ఈ పద్నాలుగు సగం ఖాళీ. ఆ ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అది తండ్రితో పాటు డ్యూటీకి పోతుంది, పాఠం పిల్లకు అందదు. ఇక ఈ ముప్పై ఒకటి చూడండి. ముప్పై ఒకటిలోనూ ఒకే రకం లెక్క తప్పింది, మధ్యలో సున్నా ఉన్న తీసివేత. కూడిక సరిగ్గా ఉంది, గుణకారం సరిగ్గా ఉంది. మగ్గం నేసే కారీగరు తప్పు చేస్తే ఒకడిది ఇక్కడ పోతుంది, ఇంకొకడిది అక్కడ పోతుంది. అన్ని తాకాల్లో ఒకే చోట పోతే మీరు కారీగరు కూలి కోస్తారా, మిషన్ ఆపి చూస్తారా?

సూరత్‌లో మగ్గాల సంగతి తెలియని మనిషి ఉండడు. సూపర్‌వైజర్ బావమరిదికి ఇరవై మగ్గాలున్నాయట. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఆ ముప్పై ఒక్క కాగితాల్నీ తనే ఒక్కొక్కటిగా చూశాడు. సున్నా దగ్గర ఆగడం, తిప్పడం, మళ్లీ సున్నా దగ్గర ఆగడం. తర్వాత పద్మారాణి వైపు తల తిప్పి, ఈ పాఠం ఎప్పుడు చెప్పారు అని అడిగాడు.

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడవచ్చు, ఆడితే పట్టుకునేవాళ్లు లేరు.

"చెప్పలేదు సార్" అంది గుజరాతీలోనే. "నాకు జ్వరం పట్టిన వారం పాఠం అది. వీడియో చేద్దామని లేచాను, కూర్చోలేకపోయాను. పిల్లలకు రాకపోవడం కాదు, నేను చెప్పకపోవడం."

బుచ్చిరాములుకు ఆ క్షణంలో ఆ పిల్ల మీద పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. తన తప్పు తను ఒప్పుకోవడానికి బస్సు ఎక్కి వచ్చాడు కానీ, ఇంకొకరు ఇంత తేలిగ్గా తల వంచి ఒప్పుకుంటారని అనుకోలేదు.

సూపర్‌వైజర్ కాగితాలన్నీ కట్ట కట్టి తన దగ్గరే ఉంచుకున్నాడు. చూస్తాను, అన్నాడు. ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో ముప్పై ఏళ్ల కిందే తెలిసిన బుచ్చిరాములు, తిరుగు బస్సులో మూట కట్టిన పాత చీరను మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ నెలా, ఆ పై నెలా ఆయనకు అన్నం సరిగ్గా దిగలేదు. సేఠ్ కబురు పెట్టినా పనికి వెళ్లలేదు. బల్ల ముందు నిలబడి ఎవరి గుడ్డనైనా డ్యామేజ్ అనే ధైర్యం పోయిందని సారక్కతో చెప్పుకున్నాడు. అందరితో కాదు, సారక్కతోనే.

జనవరిలో ఆర్డరు వచ్చింది. ఈసారి పద్మారాణి నడుచుకుంటూ రాలేదు, దాదాపు పరిగెత్తుకొచ్చింది. తెలుగు తరగతులు ఎక్కడివక్కడే ఉంటాయి. అంతే కాదు, వెనకబడిన యాభై ఆరు మందికి గల్లీలోనే పొద్దున రెండు గంటలు క్లాసు పెట్టుకోమన్నారు. ఇంకో టీచరును, రెండు బోర్డులను, పలకల ఖర్చును ఇచ్చారు.

"యాభై ఆరా?" అన్నాడు బుచ్చిరాములు. మరకల పిల్లలు పదకొండు మందిని కూడా ఆ సూరతీ సాబ్ వదల్లేదన్నమాట. సంఖ్య ఎక్కువుంటే టీచరు పోస్టు దక్కుతుందని ఆ సాబ్‌కు తెలుసు.

"ఔ కాకా. నువ్వు పక్కకు వెట్టిన పిల్లల పేర్ల మీదనే పైసలు ఒచ్చినయి."

డ్యామేజ్ మీద కూలి కోయడమే ఆయన ఎరిగినది. డ్యామేజ్ ఉందని ఎదురు డబ్బు ఇవ్వడం ఎక్కడా చూడలేదు, వినలేదు. అరుగు మీద కూర్చుండిపోయి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మాస్కు ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు.

క్లాసు మొదలైన రోజు గల్లీలో ముగ్గుపిండితో గుండ్రాలు గీసి, గుండ్రానికొకరిని దూరదూరంగా కూర్చోబెట్టారు. తొమ్మిది నెలల తర్వాత ఒకరినొకరు చూసుకున్న పిల్లలు గుండ్రంలో కుదురుగా ఉంటే ఒట్టు. పద్మారాణి జాబితాలోంచి పేర్లు చదువుతోంది. సంగీత తన పేరు వినగానే పరీక్షలో ఫస్టు వచ్చినంత దర్జాగా పోయి కూర్చుంది. కాసేపటికి బోర్డు మీద నాలుగువందల రెండు ఎక్కింది. సున్నా పక్కింటికి పోయి ఎలా అడిగి తెచ్చుకోవాలో పద్మారాణి చెబుతుంటే, గోడ దగ్గర నిలబడ్డ బుచ్చిరాములు కూడా వేళ్లు మడిచాడు.

అప్పుడు ఎవరో ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగారు. పక్క గల్లీ జమున. ఐదో తరగతి, పరీక్షలో ఒక్క తప్పూ లేని పిల్ల. కళ్లనిండా నీళ్లు.

"తాతా, నా కాయితం నువ్వే జూసినవట గద. నన్నెందుకు ఫ్రెష్‌ల ఏసినవ్? అందరు ఈడ్నె ఉన్నరు. నేనొక్కదాన్ని ఇంట్ల ఏం జెయ్యాలె?"

ముప్పై ఏళ్లలో ఎంతమంది కారీగర్లు ఆయన బల్ల ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారో లెక్కలేదు. డ్యామేజ్‌లో వేయొద్దన్నా అని బతిమాలినవాళ్లే అందరూ. వేయమని ఏడ్చిన మనిషిని మొదటిసారి చూశాడు. ఆ పిల్ల ముఖంలోకి చూస్తే నవ్వొచ్చింది.

"తప్పయింది బిడ్డా. నాకు సరిగ్గ జూడ రాలే" అన్నాడు బుచ్చిరాములు. వంగి, ముగ్గుపిండి డబ్బా తీసుకుని, సంగీత పక్కన ఇంకో గుండ్రం గీశాడు.